లగ్జరీ సెడాన్‌లో ఆయిల్ సర్వీస్ రిమైండర్ రీసెట్: బటన్‌తోనా, యాప్‌తోనా, స్కానర్‌తోనా, వర్క్‌షాప్‌లోనా?

ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, డ్రెయిన్ ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి బిగించారు, కారు కింద ఒక్క చుక్క కూడా లేదు. తీరా ఇగ్నిషన్ ఆన్ చేస్తే తెర మీద మళ్లీ అదే స్పానర్ గుర్తు, సర్వీస్ గడువు దాటిపోయిందంటూ అదే మెసేజ్. మొదటిసారి చూసినవాళ్లకి టెన్షన్ పుట్టడం సహజం, ఇంత ఖరీదైన కారులో ఏదో తప్పు చేశామేమో అనిపిస్తుంది. తప్పేమీ లేదు. మీరు కొత్త ఆయిల్ పోసిన సంగతి చాలా కార్లకి వాటంతట అవి తెలియదు, మనమే చెప్పాలి. అలా చెప్పడమే రీసెట్.

చెప్పడానికి నాలుగు దారులున్నాయి. కారులోనే ఉన్న బటన్లు లేదా మెనూ, ఫోన్‌లో యాప్‌తో పాటు ఒక చిన్న అడాప్టర్, చేతిలో పట్టుకునే స్కానర్, వర్క్‌షాప్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ముందు బటన్ దారి ఉందేమో వెతకండి, అది లేకపోతేనే డబ్బు పెట్టే ఆలోచన చేయండి, వారంటీ నడుస్తున్న కారైతే మాత్రం పని మొత్తం వర్క్‌షాప్‌కే వదిలేయండి. ఇది అందరికీ ఒకేలా కుదరదు. ఎవరికి ఎక్కడ మారుతుందో కింద రాస్తున్నాను.

అసలు వెలిగింది ఏ గుర్తు?

రీసెట్ గురించి ఆలోచించే ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి, ఎందుకంటే ఆయిల్ పేరుతో డ్యాష్‌బోర్డులో కనిపించేవి మూడు వేర్వేరు సంగతులు. ఎర్ర రంగులో నూనె డబ్బా గుర్తు వెలిగితే అది ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక. వెంటనే కారు పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి, రీసెట్ అన్న మాటే అక్కడ లేదు. అదే గుర్తు పసుపు రంగులో వచ్చి, పక్కన లెవల్ గురించి ఏదైనా ఉంటే ఆయిల్ తగ్గిందని, లెవల్ చూసి పోసుకోవాలని అర్థం. మూడోది స్పానర్ గుర్తుతోనో, ఇన్ని కిలోమీటర్లు మిగిలాయన్న అంకెతోనో, శాతంతోనో వచ్చేది. అదే సర్వీస్ రిమైండర్, ఈ వ్యాసం దాని గురించే. చెక్ ఇంజన్ లైట్ వీటన్నిటికీ వేరు, సర్వీస్ రిమైండర్‌ని రీసెట్ చేస్తే అది పోదు, దాన్ని చెరిపేస్తే ఇది పోదు.

ఈ రిమైండర్ వెనక ఉన్న లెక్క కూడా అన్ని కార్లలో ఒకటి కాదు. పాత లెక్సస్‌లలో ఉండేది దాదాపు ఒట్టి దూరం లెక్క, ఇన్ని మైళ్లు తిరిగితే మెయింటెనెన్స్ లైట్ వెలుగుతుంది, అంతే. జనరల్ మోటర్స్ కార్లు, అంటే కాడిలాక్ లాంటివి, ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో నడిచింది అన్నవి చూసి ఆయిల్ జీవితం ఎంత శాతం మిగిలిందో లెక్కగడతాయి. ఆక్యూరాలో ఉండే మెయింటెనెన్స్ మైండర్ కూడా నడిపిన తీరు చూసి శాతంలోనే చెబుతుంది, 15 శాతానికి దిగగానే గుర్తు చేయడం మొదలుపెడుతుంది. బీఎండబ్ల్యూ వాడే కండిషన్ బేస్డ్ సర్వీస్‌లో ఇంజన్ ఆయిల్‌కి, బ్రేక్ ఫ్లూయిడ్‌కి, ముందు బ్రేక్ ప్యాడ్లకి, వెనక బ్రేక్ ప్యాడ్లకి, వెహికల్ చెక్‌కి దేనికది వేరే లెక్క. మెర్సిడెస్‌లో అసిస్ట్ ప్లస్ అనే పద్ధతి, సర్వీస్ ఏ, సర్వీస్ బీ అని చూపిస్తుంది. రీసెట్ పద్ధతి ఎంచుకునేటప్పుడు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒట్టి దూరం లెక్క అయితే బటన్ చాలు, ఐదారు ఐటమ్‌లు విడివిడిగా నడుస్తుంటే తప్పు ఐటమ్‌ని సున్నా చేసే ప్రమాదం ఉంటుంది.

ఆ ప్రమాదం నాకు తెలుసు. నా కారుకి మొదటిసారి నేనే ఆయిల్ మార్చుకున్నప్పుడు, ఒకసారి నొక్కాల్సింది రెండుసార్లు నొక్కి, ఆయిల్ లైన్ దాటిపోయి బ్రేక్ ఫ్లూయిడ్ లైన్ మీద బటన్ పట్టుకున్నాను. మార్చని బ్రేక్ ఫ్లూయిడ్‌కి ఇంకా రెండేళ్లు ఉందని కారు చూపించడం మొదలుపెట్టింది. చివరికి అసలు గడువుని బాగా పెద్ద అక్షరాలతో సర్వీస్ పుస్తకంలో రాసుకుని, ఆ తేదీకి ఫ్లూయిడ్ మార్పించాను.

మొదటి దారి: కారులోనే ఉన్న బటన్లు, మెనూలు

ఖర్చు లేదు, ఏ పరికరమూ అక్కర్లేదు, వస్తే రెండు మూడు నిమిషాల పని. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే షరతు ఒక్కటే: ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, ఇంజన్ నడవకూడదు. స్టార్ట్ బటన్ ఉన్న కారులో బ్రేక్ మీద కాలు పెట్టకుండా బటన్ నొక్కితే ఆ స్థితి వస్తుంది. తలుపులు మూసి కూర్చోండి, కొన్ని కార్లలో తలుపు తెరవగానే తెర మారిపోయి మళ్లీ మొదటికి వస్తారు.

బీఎండబ్ల్యూ ఈ90, ఎఫ్30 (3 సిరీస్‌లో రెండు తరాలకి కంపెనీ కోడ్‌లు) తరం కార్లలో మీటర్ దగ్గర ట్రిప్‌ని సున్నా చేసే చిన్న బటన్ ఉంటుంది. దాన్ని పది సెకన్ల దాకా వదలకుండా పట్టుకుంటే సర్వీస్ జాబితా తెరుచుకుంటుంది. తర్వాత చిన్నగా నొక్కుతూ పోతే ఒక్కో ఐటమ్ మారుతుంది, ఆయిల్ గుర్తు దగ్గర ఆగి మళ్లీ పట్టుకుంటే రీసెట్ చేయాలా అని అడుగుతుంది, వదిలి ఇంకోసారి పట్టుకుంటే పని జరుగుతుంది. చిన్న నొక్కు అంటే ముందుకు పొమ్మని, పొడుగు నొక్కు అంటే ఇదే చేయమని, ఇంత గుర్తుంటే చాలు. ఇంకా కొత్త మోడళ్లలో దారి తెర మీది మెనూల్లోకి మారుతూ వచ్చింది, కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లో సర్వీస్ అధ్యాయం ఒకసారి తిరగేయండి.

మెర్సిడెస్ డబ్ల్యూ204, డబ్ల్యూ212 (సీ క్లాస్, ఈ క్లాస్‌లలో తరం కోడ్‌లు) తరంలో బటన్ మీటర్ దగ్గర కాదు, స్టీరింగ్ మీద ఉంటుంది. ఇగ్నిషన్ మొదటి మెట్టులో పెట్టి, తెర మీద మొత్తం కిలోమీటర్లు కనిపించే పేజీకి వచ్చి, ఫోన్ ఎత్తే బటన్‌ని, ఓకే బటన్‌ని కలిపి ఐదు సెకన్ల పాటు పట్టుకుంటే వర్క్‌షాప్ మెనూ అనేది వస్తుంది. మామూలుగా కనిపించని మెనూ ఇది, అందులో అసిస్ట్ ప్లస్‌లోకి వెళ్లి పూర్తి సర్వీస్ జరిగిందని నిర్ధారించాలి. అక్కడ ఏ ప్రమాణం ఆయిల్ పోశారని కూడా అడుగుతుంది, 229.5, 229.51 లాంటి అంకెలు వస్తాయి. డబ్బా మీద ఉన్న అంకె చూసి అదే ఎంచుకోండి, అందాజుగా నొక్కేయొద్దు. అదే మెనూలో ఉండే మిగతా వాటి జోలికి మాత్రం వెళ్లకండి, డైనమోమీటర్ పరీక్ష లాంటివి మనకు సంబంధం లేనివి.

ఆడీలో అన్నిటికన్నా సుఖం. ఎంఎంఐ అనే మధ్య తెరలో కార్ మెనూలోకి వెళ్లి సర్వీస్ ఇంటర్వల్స్ వెతికితే ఆయిల్ మార్పు గడువుని రీసెట్ చేయమన్న వరుస కనిపిస్తుంది. అయితే చాలా మోడళ్లలో అక్కడ ఆయిల్ ఒక్కటే కుదురుతుంది, ఇన్‌స్పెక్షన్ రిమైండర్, అంటే కారు తనిఖీ గడువు, అలాగే మిగిలిపోతుంది, దానికి స్కానర్ కావాలి. ఆడీ వాడేవాళ్లలో "రీసెట్ చేశాను, అయినా మెసేజ్ పోవట్లేదు" అనేవాళ్ల సమస్య ఎక్కువగా ఇదే. వాళ్లు చేసింది సరిగ్గానే చేశారు, మిగిలింది వేరే ఐటమ్.

పాత లెక్సస్ అయితే ట్రిప్ ఏ చూపించేలా పెట్టి, కారు ఆపేసి, ట్రిప్ బటన్ పట్టుకునే ఇగ్నిషన్ ఆన్ చేసి, అంకెలన్నీ సున్నాలు అయ్యేదాకా వదలకూడదు. కొత్త వాటిలో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. కాడిలాక్ పాత మోడళ్లు కొన్నిటిలో ఇగ్నిషన్ ఆన్ చేసి, ఐదు సెకన్లలోపు యాక్సిలరేటర్‌ని మూడుసార్లు పూర్తిగా తొక్కి వదలాలి. నమ్మబుద్ధి కాకపోయినా కంపెనీ మాన్యువల్‌లో ఉన్న పద్ధతే. స్టార్ట్ చేశాక మెసేజ్ మళ్లీ వస్తే ఇంకోసారి చేయాలి.

ఆక్యూరాలో ఆయిల్ శాతం చూపించే పేజీలో సెలెక్ట్ బటన్ పట్టుకుంటే రీసెట్ అవుతుంది, కొత్త వాటిలో మెనూ ఉంటుంది. అక్కడ అక్షరాలు చూసుకోవాలి: ఏ అంటే ఆయిల్, బీ అంటే ఆయిల్‌తో పాటు ఫిల్టర్, ఇంకొన్ని తనిఖీలు, పక్కన అంకె ఉంటే అది టైర్ల మార్పిడి, ఎయిర్ ఫిల్టర్, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ లాంటి పని. మీరు ఆయిల్ ఒక్కటే మార్చి అన్నిటినీ కలిపి రీసెట్ చేస్తే, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చమని చెప్పిన అంకె కూడా మాయమవుతుంది. ఐటమ్ ఎంచుకునే వీలు ఉంటే చేసినదాన్నే ఎంచుకోండి.

బటన్ దారిలో నాకు కనిపించే లోపం ఒక్కటే, అది చిన్నది కాదు. ఇలా చేసిన రీసెట్ లెక్కని మాత్రమే సున్నా చేస్తుంది, ఎవరు చేశారు, ఏ ఆయిల్ పోశారు అన్నది సర్వీస్ రికార్డులోకి ఎక్కదు. కారు పదేళ్లు మీ దగ్గరే ఉండేదైతే దీనివల్ల నష్టమేమీ లేదు. రెండేళ్లలో అమ్మేదైతే బిల్లులు దాచుకోవడం తప్పదు.

రెండో దారి: అడాప్టర్, ఫోన్ యాప్

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు, అందుకే కాస్త ఆగి చెబుతాను. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, దాన్ని ఓబీడీ పోర్ట్ అంటాం. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఇది తప్పనిసరి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి, డీజిల్ కార్లకి 2004 నుంచి. ఆ నియమం వచ్చింది పొగ కాలుష్యాన్ని అదుపు చేయడం కోసం. అందువల్ల అన్ని కార్లలోనూ ఒకేలా దొరికేది ఇంజన్‌కి, ఉద్గారాలకి సంబంధించిన సమాచారం మాత్రమే. సర్వీస్ రిమైండర్ లెక్క ఉండేది చాలా కార్లలో మీటర్ క్లస్టర్‌లోనో, ఇంకో మాడ్యూల్‌లోనో (కారులోని చిన్న కంప్యూటర్), దానితో మాట్లాడే భాష ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఈఎల్ఎం327 అని దొరికే చౌక అడాప్టర్ కొని, ఉచిత యాప్ ఏదో వేసుకుంటే చెక్ ఇంజన్ కోడ్‌లు చదవగలరు, చెరిపేయగలరు కూడా, కానీ సర్వీస్ రిమైండర్ అంగుళం కదలదు. అడాప్టర్ పాడైపోయిందనుకుని ఇంకోటి కొంటారు, అదీ అంతే.

మీ కంపెనీ భాష తెలిసిన యాప్ అయితే కథ వేరు. ఫోక్స్‌వాగన్ కుటుంబానికి, అంటే ఆడీకి కూడా, ఓబీడీఎలెవెన్ అనేది సొంత అడాప్టర్‌తో వస్తుంది. ల్యాప్‌టాప్‌తో కూర్చునే ఓపిక ఉంటే రాస్‌టెక్ వాళ్ల వీసీడీఎస్ చాలా ఏళ్లుగా నిలబడిన పరికరం, ఆడీ ఇన్‌స్పెక్షన్ రీసెట్‌కి నేనైతే దాన్నే ఎంచుకుంటాను. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి వాటికి కార్లీ లాంటి యాప్‌లు ఉన్నాయి. కొనేముందు చూడాల్సింది యాప్ పేరు కాదు, మీ మోడల్, మీ సంవత్సరం పక్కన సర్వీస్ రీసెట్ అని స్పష్టంగా రాసి ఉందా లేదా అన్నది. కోడ్‌లు చదువుతుందని రాసి ఉంటే సరిపోదు. రెండోది, ఒకసారి కొంటే అయిపోతుందా, ఏటా చందా కట్టాలా అన్నది. ఏడాదికి ఒక్కసారి చేసే పనికి ఏటా చందా కట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది, అదే యాప్‌తో కారుని తరచూ చూసుకునే అలవాటు ఉంటే వేరే సంగతి.

బ్లూటూత్ మధ్యలో తెగిపోతే చదివే పనికి ఇబ్బంది లేదు, రాసే పనికి మాత్రం మంచిది కాదు. ఫోన్ ఛార్జింగ్ నిండుగా పెట్టుకుని, వేరే యాప్‌లు మూసి, కారులోనే కూర్చుని చేయండి. అయిపోగానే అడాప్టర్ తీసేయండి. వారాల తరబడి పోర్ట్‌లోనే వదిలేస్తే కారు నిద్రలోకి వెళ్లకుండా బ్యాటరీ తాగేసే అడాప్టర్లు ఉన్నాయి, పైగా రక్షణ లేని బ్లూటూత్‌ని కారు నెట్‌వర్క్‌కి తగిలించి వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

మూడో దారి: చేతి స్కానర్

సొంతంగా సర్వీస్ చేసుకునేవాళ్లకి, ముఖ్యంగా బ్రేకులు కూడా తామే చేసుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఆటెల్, లాంచ్, ఫాక్స్‌వెల్ లాంటి కంపెనీల మధ్య తరగతి స్కానర్లలో ఆయిల్ రీసెట్ అనేది ఒక మెనూ మాత్రమే. అదే పరికరంతో ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్‌ని సర్వీస్ స్థితిలోకి తీసుకెళ్లవచ్చు, కొత్త బ్యాటరీని కారుకి నమోదు చేయవచ్చు, స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ని సరిచేయవచ్చు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న సెడాన్‌లో వెనక ప్యాడ్లు మార్చాలంటే ఆ మెనూ లేకుండా పిస్టన్‌ని బలవంతంగా నెట్టకూడదు, మోటర్ పాడవుతుంది. ఒక్క ఆయిల్ కోసం స్కానర్ కొనడం ఎక్కువే, ఈ పనులన్నీ కలిపి చూస్తే మాత్రం న్యాయమైన ఖర్చు.

ఆయిల్ రీసెట్ ఒక్కటే చేసే చిన్న పరికరాలు కూడా అమ్ముతారు. పాత కార్లకి వాటి అవసరం నిజంగానే ఉండేది. ఈ34, ఈ36 అనే కోడ్‌లున్న పాత తరం బీఎండబ్ల్యూలలో బానెట్ కింద గుండ్రంగా ఇరవై పిన్నుల సాకెట్ ఉంటుంది, రిమైండర్ రీసెట్ అక్కడి నుంచే. అలాంటి కారు మీ దగ్గరుంటే ఆ చిన్న పరికరం చాలు. కొత్త కారుకి దాన్ని కొనొద్దు.

కొత్త కార్లలో ఇంకో అడ్డంకి వచ్చింది. బయటి పరికరాలు కారులో ఏదైనా మార్చకుండా కంపెనీలు తాళం వేయడం మొదలుపెట్టాయి. ఫోక్స్‌వాగన్ కుటుంబంలో 2020 నుంచి వచ్చిన కొన్ని మోడళ్లలో దాన్ని ఎస్ఎఫ్‌డీ అంటారు, ముందు అనుమతి తీసుకుని తాళం తీస్తేనే కొన్ని పనులు జరుగుతాయి. స్కానర్ ఖరీదైనదైనా ఆ తాళం తీసే ఏర్పాటు లేకపోతే కారు ముందు బొమ్మలా ఉండిపోతుంది. కాబట్టి ఐదేళ్లలోపు కారైతే స్కానర్ కొనే ముందు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత పరికరం పనిచేస్తుందా ఆగిపోతుందా అన్నది కూడా.

నాలుగో దారి: వర్క్‌షాప్

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే బీఎండబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ, ఆడీకి ఓడిస్ అనే సొంత వ్యవస్థలు వాడతారు. లెక్క సున్నా అవ్వడంతో పాటు సర్వీస్ రికార్డులోకి కూడా ఎక్కించగలరు. మెర్సిడెస్‌లో చాలా ఏళ్ల నుంచి కాగితం పుస్తకం స్థానంలో డిజిటల్ సర్వీస్ బుక్ ఉంది, బీఎండబ్ల్యూలో సర్వీస్ చరిత్ర కారు తెర మీదే కనిపించే మోడళ్లు ఉన్నాయి. వారంటీలో ఉన్న కారుకి, లీజు మీద తీసుకున్న కారుకి, త్వరలో అమ్మబోయే కారుకి ఆ ఎంట్రీ విలువ రీసెట్ కన్నా చాలా ఎక్కువ.

మంచి స్కానర్ ఉన్న స్వతంత్ర మెకానిక్ దగ్గరైనా పని అవుతుంది. కాకపోతే ఒక అలవాటు చేసుకోండి: బండి తీసుకునే ముందు, బిల్లు కట్టకముందే, ఇగ్నిషన్ ఆన్ చేసి సర్వీస్ పేజీ మీరే చూడండి. ఆయిల్ మార్చి రీసెట్ మర్చిపోవడం తరచూ జరిగేదే, అది దిద్దుకోవడానికి రెండు నిమిషాలు చాలు. దానికి ఉల్టా జరిగితేనే కష్టం. నేను ఒక వాడిన సెడాన్ కొన్నప్పుడు తెర మీద తర్వాతి ఆయిల్ మార్పుకి ఇంకా 14,000 కిలోమీటర్లు ఉందని చూసి సంతోషపడ్డాను. అమ్మినతను కూడా సర్వీస్ ఇప్పుడే అయిందన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఫిల్టర్ హౌసింగ్ మూత తీయిస్తే లోపల ఫిల్టర్ నల్లగా, మెత్తబడి, మడతలు విడిపోయి ఉంది, ఆయిల్ తారులా ఉంది. ఎవరో బటన్ మాత్రమే నొక్కారు. రీసెట్ అంత సులువుగా జరిగే పని కాబట్టే వాడిన కారు కొనేవాళ్లు తెర మీది అంకెని ఆధారంగా తీసుకోవద్దు, బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే కొన్న వారంలో ఆయిల్, ఫిల్టర్ మార్పించి కొత్తగా లెక్క మొదలుపెట్టండి.

మరి ఎవరికి ఏది?

కారు వారంటీ దాటింది, ఏడాదికోసారి మీరే ఆయిల్ మారుస్తారు, మోడల్‌లో బటన్ దారి ఉంది అనుకుంటే మీకు ఇంకేమీ కొనాల్సిన పని లేదు. బటన్ దారి సగమే పనిచేస్తోంది, ఆడీలో లాగా ఆయిల్ పోయి ఇన్‌స్పెక్షన్ మిగిలింది అనుకుంటే మీ కంపెనీకి సరిపోయే యాప్ లేదా వీసీడీఎస్ లాంటిది, అది కూడా తెలిసినవాళ్ల దగ్గర ఉంటే ఒకసారి అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది. ఇంట్లో రెండు మూడు వేర్వేరు కంపెనీల కార్లుంటే ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ కొనే బదులు స్కానర్ మేలు. చేతికి మసి అంటించుకోవడం ఇష్టం లేనివాళ్లు, ఆయిల్ మార్పు వర్క్‌షాప్‌లోనే చేయించేవాళ్లు రీసెట్ కోసం పైసా కూడా ఖర్చు పెట్టొద్దు, అది ఆ సర్వీస్‌లో భాగం, అడిగి చేయించుకోండి.

ఏదీ కుదరని రోజులు కూడా ఉంటాయి. ఆయిల్ మార్చారు, రీసెట్ దొరకలేదు, రేపు పొద్దున్నే దూరం వెళ్లాలి. వెళ్లండి. సర్వీస్ రిమైండర్ వెలిగి ఉన్నంత మాత్రాన చాలా కార్లలో ఇంజన్‌కి ఏమీ కాదు. మార్చిన తేదీ, మీటర్ అంకె రాసిపెట్టుకుని తీరిక దొరికినప్పుడు రీసెట్ చేసుకోండి. అలా అని నెలల తరబడి వదిలేయకండి, మెసేజ్ రోజూ చూసి చూసి కళ్లు అలవాటు పడితే, దాని పక్కన ఇంకో హెచ్చరిక వచ్చినా గమనించరు.

చేసే ముందు, చేశాక

తేదీ సరిగ్గా ఉందా చూడండి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత కారు గడియారం, క్యాలెండర్ వెనక్కి పోయి ఉండవచ్చు. గడువుని నెలల్లో కూడా లెక్కపెట్టే కార్లలో తప్పు తేదీతో రీసెట్ చేస్తే తర్వాతి గడువు కూడా తప్పే వస్తుంది. బ్రేక్ ప్యాడ్ల ఐటమ్ రీసెట్ కాకపోతే బటన్‌ని తిట్టుకోవద్దు, అరిగిన సెన్సార్ వైరు మార్చకపోతే చాలా కార్లు ఒప్పుకోవు. మొన్ననే రీసెట్ చేసిన ఐటమ్‌ని మళ్లీ చేయబోతే కుదరదని చెప్పే మోడళ్లు కూడా ఉన్నాయి, అది లోపం కాదు.

ఆయిల్ మార్చకముందే రీసెట్ చేయొద్దు. డ్రెయిన్ ప్లగ్ బిగించి, ఆయిల్ పోసి, ఇంజన్ కాసేపు నడిపి, లీకులు లేవని చూసుకుని, లెవల్ తేల్చుకున్నాకే. డిప్‌స్టిక్ లేని కార్లలో లెవల్ తెర మీదే చూడాలి, దానికి ఇంజన్ వేడెక్కాలి, కారు సమంగా ఉన్న నేల మీద ఉండాలి. రీసెట్ అయింది కాబట్టి లెవల్ కూడా సరిగ్గా ఉందనుకోకండి, ఆ రెండిటికీ సంబంధం లేదు.

ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లకి ఇంకో మెలిక ఉంది. సర్వీస్ గడువు రెండు రకాలుగా పెట్టవచ్చు: 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అన్న స్థిరమైన గడువు ఒకటి, నడిపే తీరుని బట్టి 30,000 కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా సాగే గడువు ఇంకోటి. సాగే గడువు కావాలంటే వీడబ్ల్యూ 504 00 లేదా 507 00 లాంటి ప్రమాణం ఉన్న ఆయిలే పోయాలి. కొన్ని మోడళ్లలో బటన్‌తో రీసెట్ చేస్తే సాగే గడువు నుంచి స్థిర గడువుకి మారిపోతుంది, తిరిగి మార్చాలంటే స్కానర్ కావాలి. నిజం చెప్పాలంటే అలా మారినా నేను వెనక్కి మార్చను. రోజూ నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమ, కాలని ఇంధనం ఆయిల్‌లో కలుస్తూ ఉంటాయి. అలాంటి కారుకి రెండేళ్ల పాటు ఒకే ఆయిల్ ఉంచడానికి నాకు మనసొప్పదు, తెర ఎంత చూపించినా ఏడాదికి మార్చేస్తాను.

అన్నీ అయ్యాక ఇగ్నిషన్ ఆపి, రెండు నిమిషాలు ఆగి, ఈసారి ఇంజన్ స్టార్ట్ చేసి చూడండి. మెసేజ్ పోయిందా అన్నది మాత్రమే కాదు, కొత్తగా వచ్చిన అంకె మీ మాన్యువల్‌లో ఉన్న గడువుతో సరిపోలుతుందా అన్నది చూడాలి. మిగతా ఐటమ్‌ల అంకెలు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి, అందుకే రీసెట్ మొదలుపెట్టకముందే సర్వీస్ పేజీని ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి, అయ్యాక ఇంకోటి. ఆ రెండు ఫొటోల్నీ, ఆయిల్ బిల్లునీ, డబ్బా మీద ప్రమాణం అంకె కనిపించే ఫొటోనీ ఒకే చోట పెట్టుకుంటే బటన్ దారిలో లేని రికార్డు మీ దగ్గర తయారైనట్టే. మెసేజ్ మళ్లీ వస్తే మాత్రం వెంటనే ఇంకోసారి రీసెట్ చేయకుండా అది ఏ ఐటమ్ గురించి అడుగుతోందో చదవండి, చాలాసార్లు అది ఆయిల్ కాదు, ఇన్నాళ్లూ ఆయిల్ మెసేజ్ వెనక దాక్కున్న బ్రేక్ ఫ్లూయిడో, ఇన్‌స్పెక్షనో అయి ఉంటుంది.